పడమటింట్లో చోటు

నల్లపాడు,
అక్టోబరు 19.

మౌనవ్రతంలో ఉన్న మా వదిన లక్ష్మీదుర్గకి,

నీ ఆడపడుచు జ్యోతి పట్టరాని సంతోషంతో రాస్తున్నది. సంతోషం ఎందుకంటావా? నువ్వు మా అన్నయ్యని చేసుకుని ఇరవయ్యారేళ్ళయింది. ఇన్నేళ్ళలో నేను మాట్లాడుతుంటే నువ్వు మధ్యలో అడ్డు తగలకుండా ఉన్నది ఇదే మొదటిసారి. గొంతు ఆపరేషన్ చేసిన డాక్టరు, మూడు నెలలు గుసగుసలాడినా ఊరుకోనన్నాడట కదా. ఆయనకి గుడి కట్టించాలి. ఫోన్లో ఆ బుల్లి అక్షరాలు నొక్కడం నీ వల్ల కాదని, ఉత్తరాలు రాయమని హుకుం జారీ చేశావు కాబట్టి రాస్తున్నాను.

నీతో ఒక పని కూడా ఉంది. మా కాలేజీ పిల్లల కోసం చిన్న పుస్తకం రాస్తున్నాను. రోజూ వాడే ఇంగ్లీషు మాటలు ఎక్కడ పుట్టాయి, ఎలా మారాయి అని. వారం నుంచి రూమ్ దగ్గర ఆగిపోయాను. రూమ్ అనగానే మనకి నాలుగు గోడలు, ఒక తలుపు గుర్తొస్తాయి. కానీ ఆ మాట పుట్టినప్పుడు దానికి గోడలే లేవు వదినా. ఉత్త ఖాళీ జాగా, మనిషి మసలడానికి చాలినంత చోటు, అంతే. గది అనే అర్థం ఓ ఆరు వందల ఏళ్ళ కిందట వచ్చి చేరింది. మనం రూరల్ అంటామే, అదీ దీనికి దూరపు చుట్టమేనట. జర్మన్ వాళ్ళు ఇదే మాటలోంచి ఒక క్రియ కూడా చేసుకున్నారు. ఉన్నవి జరిపి, తీసేసి, చోటు చెయ్యడం అని దానర్థం. అంటే చోటు దానంతటది ఉండదు, ఎవరో జరిగితే వస్తుంది. ఇది నాకు బాగా నచ్చింది.

మన ఊళ్ళో గదికీ ఖాళీకీ ఏమేం మాటలున్నాయో నీకు తోచినవన్నీ రాసి పంపు. నా పుస్తకంలో నీ పేరు వేస్తాను.

నీ జ్యోతి


కొత్తపాలెం, చిలకలూరిపేట మీదుగా,
నవంబరు 3.

జ్యోతీ, నీ దుంప తెగ!

గొంతు పోయి నేనేడుస్తుంటే నీకు సంబరంగా ఉందీ? రానీ, జనవరిలో నా గొంతు రానీ, అప్పుడు చెప్తా నీ పని. మీ అన్నయ్య నాకొక స్టీలు గ్లాసూ చెంచా ఇచ్చాడు. ఎవరినన్నా పిలవాలంటే టింగుటింగున కొట్టాలట. నేను కొడితే గేదె చూస్తుంది గానీ ఆయన చూడడు.

నీ రూమ్ సంగతికొస్తే, మన పల్లెటూరంతా ఒక రూమేనన్నమాట, బాగుంది. మనవాళ్ళలో గది అని అనేది ఎవరే? వంటిల్లు, నడిమిల్లు, పడకటిల్లు, పడమటిల్లు. మనకి గదికి గది ఒక ఇల్లే. ఖాళీకి జాగా అంటాం, చోటు అంటాం, ఎడం అంటాం. పేట బస్సులో అయితే అవేమీ అనం, "కాస్త జరుగమ్మా" అంటాం. చాలా? నా పేరు పెద్ద అక్షరాల్లో వెయ్యి.

ఇప్పుడు నేనొకటి అడుగుతా, నువ్వు చెప్పాలి. మొన్న మొదటి తీత పత్తి వచ్చింది. రేటు లేదని మీ అన్నయ్య అమ్మకుండా పడమటింట్లో పోయించాడు. ఎప్పటిలాగే యలమందయ్య వచ్చాడు. మీ నాన్నగారి రోజుల నుంచీ మన పత్తి అణిగేలా తొక్కేది అతనే కదా. తొక్కడానికి దిగే ముందు గుమ్మంలో నిలబడి "లోపల ఎవరన్నా ఉన్నారా?" అని మూడుసార్లు పిలిచాడు. ఊళ్ళో ఇంకే ఇంట్లోనూ ఇలా పిలవరు. తర్వాత గదంతా నింపి, నైరుతి మూల మాత్రం మనిషి ముడుచుకు కూర్చునేంత ఎడం వదిలేశాడు. అది కూడా ఏటా చేసేదే. వాస్తు కాబోలనుకుని నేనెప్పుడూ పట్టించుకోలేదు. మాట్లాడే పని లేదు గనక ఈసారి అన్నీ కళ్ళల్లో పడుతున్నాయి.

నా చేతులు ఊరుకుంటాయా? ఒక ఒడి నిండా పత్తి దొడ్డి తలుపులోంచి తీసుకెళ్ళి ఆ మూలలో కుక్కాను. తెల్లారి చూస్తే ఆ పత్తంతా గుమ్మం దగ్గర కుప్పగా ఉంది. మళ్ళీ కుక్కాను. మళ్ళీ గుమ్మంలోనే. పిల్లి అనుకుందామంటే మనింట్లో పిల్లి లేదు. అన్నాలయ్యాక ఇల్లు సద్దుమణిగినప్పుడు ఆ మూల నుంచి చప్పుడొకటి వస్తుంది జ్యోతీ. పత్తి అణిగేటప్పుడు వస్తుందే, అలాంటిదే. కాకపోతే ఆగి ఆగి, ఒక వరసలో వస్తుంది. నిద్రపోయే పిల్ల ఊపిరిలాగా.

నువ్వు ఆ ఇంట్లో పుట్టినదానివి. ఏమిటా మూల? ఇంకోటి కూడా ఇప్పుడే తట్టింది. ఈ ఇరవయ్యారేళ్ళలో నువ్వు పడమటింటి గడప దాటగా నేను చూడలేదు.

లక్ష్మీదుర్గ


నల్లపాడు,
నవంబరు 11.

వదినకి,

ఉత్తరం అందింది. నువ్వు పంపిన మాటలు బాగున్నాయి. వాడుకుంటాను.

పత్తి దుమ్ము నీ గొంతుకి మంచిది కాదు. పడమటింట్లోకి వెళ్ళకు. పాత ఇళ్ళల్లో చప్పుళ్ళు సహజం, ఎలకలుంటాయి. ఆ మూల ఎలా ఉన్నదో అలాగే ఉండనీ, నువ్వు ఏమీ కుక్కకు. యలమందయ్యని ఏమీ అడగకు. పెద్దవాడైపోయాడు, ఏదో ఒకటి చెప్తాడు.

రూమ్ గురించి మూడు పేజీలు రాసి చింపేశాను. కాలేజీలో పరీక్షలు. మళ్ళీ రాస్తాను.

జ్యోతి


కొత్తపాలెం,
నవంబరు 24.

జ్యోతీ,

నన్ను అడగొద్దంటే నేను అడక్కుండా ఉంటానని ఎలా అనుకున్నావే?

నోటితో అడగలేను. రాసి ఇద్దామంటే యలమందయ్యకి చదువు రాదు. అందుకని అతని చెయ్యి పట్టుకుని పడమటింటి గుమ్మం దాకా తీసుకొచ్చి, ఆ మూల చూపించి, ఏమిటని చేత్తో సైగ చేశాను. ముసలాయన తలగుడ్డ తీసి గడప మీద కూర్చున్నాడు. "నోరు లేని మనిషి అడిగితే చెప్పక తప్పుతుందా తల్లీ" అన్నాడు.

అతను చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"నలభయ్యేళ్ళయింది దుర్గమ్మా. ఆ ఏడు పత్తి ఇరగబండింది. గంపలు మోసేవాళ్ళు నలుగురు, తొక్కేవాడిని నేను. దిగబోతా ఒక్క మాట పిలిచాను, లోపల ఎవరన్నా ఉన్నారా అని. పత్తింట్లో పిల్లకాయలు ఆడతారు గదా, అందుకని. గుమ్మంలో నుంచున్న పిల్ల ఎవరూ లేరంది. దిగాను. తొక్కాను. సందేళకి గది గుమ్మం పైదాకా నిండింది. అప్పుడు మీ చిన్నాడపడుచు చెంచి కనపడలేదన్నారు. ఆరేళ్ళ పిల్ల. బావులు చూశారు, కాలవ చూశారు, పెదకాకాని తిరనాళ్ళకి పోయే బళ్ళు ఆపి చూశారు. మూడోనాడు మీ మామగారు పత్తి తీయమన్నాడు. ఆ మూల ఉంది. మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని, రెండు చేతులూ నోటిమీద పెట్టుకుని. నవ్వు వినపడకుండా పెట్టుకున్నట్టు."

జ్యోతీ, గోడ మీద ఆ పిల్ల ఫోటోకి నేను ఇన్నేళ్ళూ పూలు పెడుతున్నాను. విషజ్వరంతో పోయిందని మీ అమ్మ చెప్పింది. మీ అన్నయ్యా అదే చెప్పాడు. ఊరు ఊరంతా నా దగ్గర నోరు మూసుకుంది.

గుమ్మంలో ఉన్న పిల్ల ఎవరని మళ్ళీ సైగ చేసి అడిగాను. యలమందయ్య తల అడ్డంగా ఊపాడు. "అది మాత్రం నన్ను చంపినా చెప్పనమ్మా. పసిది. నేను రెండోసారి పిలవాల్సింది. అందుకే ఇప్పుడు మూడుసార్లు పిలుస్తా" అని లేచి వెళ్ళిపోయాడు.

అతను చెప్పకపోతేనేం. అప్పుడు మీ అన్నయ్య గుంటూరు హాస్టల్లో ఉన్నాడు. ఇంట్లో ఉన్న ఆడపిల్లలు ఇద్దరే. ఒకతి లోపల ఉంది.

నిన్ను నిలదీయడానికి రాయడం లేదు. నీకు చెప్పుకోవాలని ఉంటే చెప్పుకో. లేకపోతే ఈ ఉత్తరం చింపేసెయ్.

మీ వదిన


నల్లపాడు,
డిసెంబరు 2.

వదినా,

చింపలేదు. నాలుగుసార్లు చదివాను.

గుమ్మంలో ఉన్నది నేనే. నాకు తొమ్మిదేళ్ళు. దాగుడుమూతలాట. దొంగ ఎదురింటి సుబ్బరావమ్మ. అది వీధరుగు మీద కళ్ళు మూసుకుని అంకెలు లెక్కపెడుతోంది. చెంచి పరిగెత్తుకొచ్చి ఆ మూలలోకి దూరి, పైన పత్తి కప్పుకుంది. ముక్కు ఒక్కటే కనపడుతోంది. "అక్కా, నేనిక్కడున్నానని ఎవరికన్నా చెప్తే నా మీద ఒట్టు" అంది. నేను సరేనన్నాను.

అప్పుడే యలమందయ్య వచ్చి పిలిచాడు. సుబ్బరావమ్మ వింటుందని, ఎవరూ లేరని చెప్పాను. ఆ మాటతో ఆట గెలిచేశామనుకున్నాను. వెంటనే అమ్మ కేకేసింది, కూలోళ్ళకి మజ్జిగ ఇచ్చి రమ్మని. మజ్జిగ ఇచ్చి వచ్చేటప్పటికి మూల పైదాకా పత్తే ఉంది. దొడ్డి తలుపులోంచి పారిపోయి ఉంటుందిలే అనుకున్నాను. వాళ్ళు తొక్కుతుంటే కూర్చుని చూశాను కూడా.

ఇంతవరకూ చెప్తే ఎవరైనా చిన్నపిల్లవి, నీ తప్పేముంది అంటారు. మిగతాది వినాలి నువ్వు. ఆ సాయంత్రం అమ్మ నా భుజాలు పట్టుకుని ఊపేస్తూ అడిగింది, చెల్లిని ఎక్కడ చూశావే అని. రెండో రోజు నాన్న అడిగాడు. నేను చెప్పలేదు. ఎందుకో నీకు తెలుస్తుంది, నువ్వూ ఇలాంటి ఇంట్లోనే పెరిగావు. నా మీద ఒట్టు అంటే, ఆ ఒట్టు తప్పితే పోయేది ఒట్టు పెట్టినవాళ్ళ ప్రాణం. ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టాల్సింది కూడా వాళ్ళే. చెంచి తియ్యలేదు. నేను నోరు విప్పితే చెంచి చచ్చిపోతుందని నాకు భయం. వదినా, దాన్ని బతికించుకుందామనే నేను రెండు రోజులు నోరు మూసుకున్నాను.

మూడో రోజు పత్తి తీస్తుంటే నన్ను పెదకాకాని పంపేశారు, మేనత్త ఇంటికి. తర్వాత ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. యలమందయ్య నావైపు చూసేవాడు కాదు. నేను ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. నీకు గొంతు లేదన్న ధైర్యంతో చెప్తున్నానేమో కూడా.

ఒకటే అడుగుతున్నాను. ఆ మూల ఎవరినీ నింపనివ్వకు. దాన్ని బయటికి రమ్మని నేను పిలవాలి. వచ్చే ధైర్యం ఇంకా రావడం లేదు.

జ్యోతి


కొత్తపాలెం,
డిసెంబరు 20.

జ్యోతీ, నా తల్లీ,

నీ ఉత్తరం దిండు కింద పెట్టుకుని ఏడ్చాను. తిరిగి రాద్దామనుకుంటూ ఉండగానే ఇదంతా జరిగింది. ముందు ఒక మాట, నేను బాగానే ఉన్నాను. కంగారు పడకుండా చదువు.

మొన్న మంగళవారం పొద్దున్నే మబ్బు పట్టింది. మూడో తీత పత్తి కళ్ళంలోనే ఉంది. యలమందయ్యకి జ్వరం. మీ అన్నయ్య పేట నుంచి కొత్త మనుషులని తెచ్చాడు. తొక్కేవాడి పేరు కోటేష్. వానొచ్చేలోగా ఎక్కడ వీలుంటే అక్కడ పొయ్యండి, ఆ మూల కూడా వదలొద్దన్నాడు. నేను గ్లాసు మీద టింగుటింగున కొట్టి వద్దని చేతులు ఊపాను. ఆయనకి కోపం వచ్చింది. "నలభయ్యేళ్ళయింది దుర్గా! ఇంకా ఎన్నాళ్ళు ఆ మూలకి మొక్కుతాం?" అని అరిచాడు. అంటే ఆయనకీ అంతా తెలుసు. తెలిసీ, చెంచి విషజ్వరంతో పోయిందని నాకు చెప్పాడు.

నీకు మాటిచ్చినట్టే అనుకున్నాను. నులకమంచం ఒకటి తీసుకెళ్ళి ఆ మూలకి అడ్డంగా నిలబెడదామని దొడ్డివైపు నుంచి దూరాను. మంచం మోస్తూ గ్లాసూ చెంచా ఎక్కడ పట్టుకోను? గుమ్మం బయటే పెట్టాను. నేను మూలలో మంచం నిలబెడుతుండగా అవతల నుంచి గంపలు కుమ్మరించడం మొదలెట్టారు. పైన ఉన్న పోగు ఒక్కసారిగా జారి నా మీద పడింది.

పత్తి మెత్తన అంటాం గానీ జ్యోతీ, తల మీద పడితే అది నీళ్ళకంటే అన్యాయం. నోట్లోకి, ముక్కుల్లోకి వెళ్ళిపోయింది. చేతులు కదలవు. చీకటి. అప్పుడు కోటేష్ గొంతు వినపడింది. "లోపల ఎవరన్నా ఉన్నారా?" పిలిచే ఆచారం మీ అన్నయ్యే చెప్పి ఉంటాడు. నేను నోరు తెరిచాను. గాలి తప్ప ఏమీ రాలేదు. రెండోసారి పిలిచాడు. ఇక అయిపోయిందనుకున్నాను. నిన్నే తలుచుకున్నాను, నేను పోతే ఈ పాపం కూడా నీ నెత్తిన వేసుకుంటావని.

మూడోసారి పిలిచాడు. నా చెవి పక్కన, ఇంత దగ్గర, వెచ్చటి ఊపిరి తగిలింది.

"ఉన్నాం" అంది.

చిన్నపిల్ల గొంతు. స్పష్టంగా, కాస్త విసుగ్గా, ఎంతసేపటికీ ఎవరూ వెతుక్కుంటూ రాకపోతే పిల్లలు అంటారే అలాగ.

కోటేష్ ఒక్క దూకు దూకాడట. నలుగురూ చేతులతో పత్తి తోడి నన్ను బయటికి లాగారు. నేను దగ్గుతూ పడుంటే కోటేష్ నా వైపు చూడకుండా మళ్ళీ లోపలికి దూరాడు. "పాప ఏదమ్మా? ఇంకో పాప ఉండాలి గదా, ఉన్నాం అంది" అని. వానలో గదంతా ఖాళీ చేశారు. అడుగు సిమెంటు కనపడేదాకా తీశారు. ఎవరూ లేరు. మీ అన్నయ్య గడప మీద కూలబడి, "దాని గొంతే, అది మా చెంచి గొంతే" అని చంటిపిల్లాడిలా ఏడ్చాడు. ఆయన అలా ఏడవగా నేనెప్పుడూ చూడలేదు.

"నువ్వే అరిచావేమో, ప్రాణం మీదికొస్తే గొంతు వస్తుంది" అని డాక్టరు నాతో అంటున్నాడు. నాకింకా గొంతు రాలేదు. వచ్చినా నాది అంత ముద్దుగా ఉంటుందా?

మర్నాడు పత్తి ఆరబెట్టి మళ్ళీ నింపారు. మీ అన్నయ్యే దగ్గరుండి మూల వదిలించాడు. ఒక పిల్ల పట్టేంత వదిలారు. ఇవాళ పొద్దున వెళ్ళి చూశాను. ఎవరూ ముట్టుకోలేదు, అయినా ఇద్దరు పట్టేంత ఉంది. పత్తి తనంతట తను పక్కకి జరిగినట్టు ఉంది.

అది నీకోసం చోటు చేసింది జ్యోతీ. నాకు భయం వెయ్యలేదని చెప్పను. కానీ నన్ను బతికించిన పిల్లకి భయపడి తలుపు ఎలా వేసుకోను? నువ్వు రా. మా ఎవరి కోసమూ కాదు, దాని కోసం. అది ఇంకా దాక్కునే ఉంది. వచ్చి దొరికావని చెప్పు.

మీ వదిన


నల్లపాడు,
డిసెంబరు 29.

వదినా,

ఇంటికి చేరాను. నిన్న గుమ్మంలో నా నడుం చుట్టూ చెయ్యేసి నిలబెట్టావు చూడు, అది నేను చచ్చేదాకా మరిచిపోను.

యలమందయ్య అంత జ్వరంలోనూ దుప్పటి కప్పుకుని వచ్చి, "లోపల ఎవరన్నా ఉన్నారా?" అని ఒక్కసారే పిలిచాడు. "ఉంది, మా చెంచి ఉంది" అన్నాను కదా. ఆ నాలుగు మాటలు నోట్లోంచి రావడానికి నలభయ్యేళ్ళు పట్టింది. తర్వాత నేను లోపలికి వెళ్ళి ఆ మూల ఎంతసేపు కూర్చున్నానో నాకు తెలియదు. నువ్వు అడగలేదు, మంచిపని చేశావు. ఇప్పుడు చెప్తాను. ఏమీ కనపడలేదు, ఏమీ వినపడలేదు. పత్తి వెచ్చగా ఉంది, అంతే. "ఒట్టు తీసి గట్టు మీద పెట్టవే, ఆట అయిపోయింది, ఇంటికి పోదాం రా" అన్నాను. జవాబు రాకపోతే లేచి వచ్చేశాను. నిజం చెప్పాలంటే నాకు నిరాశే కలిగింది.

పొద్దున అన్నయ్య ఫోన్ చేశాడు. రాత్రికి రాత్రే ఆ మూల పత్తి తనంతట తనే కూలి నిండిపోయిందట. పడమటిల్లు ఇప్పుడు ఊళ్ళో మామూలు పత్తింటిలాగే ఉందట. నువ్వు గుమ్మంలో వేసిన ముగ్గు కూడా చెదరలేదన్నాడు. గొంతు బాగానే ఉంది అన్నయ్యది, నవ్వాడు కూడా.

నేను అసలు రాయాలనుకున్నది ఇది. నిన్న సాయంత్రం పేటలో ఎక్కిన బస్సు కిటకిటలాడుతోంది. నాకు ఎలాగో కిటికీ సీటు దొరికింది. పక్క సీటు ఖాళీ. మిరపకాయ కోతల నుంచి వస్తున్న ఆడవాళ్ళు పదిమంది దాకా నిలబడి ఉన్నారు, ఒక్కళ్ళూ కూర్చోరు. నా పక్కనే ఒక ముసలామె కడ్డీ పట్టుకుని ఊగిపోతోంది. చూడలేక, "ఇక్కడ చోటుంది కదండీ, కూర్చోండి" అన్నాను.

ఆమె ఆ సీటు వైపు చూసి నవ్వింది. "వద్దులేమ్మా, పాప మంచి నిద్రలో ఉంది. లేపడం ఎందుకు? కాస్త నువ్వే అటు జరుగు, పాపం తల వేలాడేసుకుంది" అంది.

నేను కిటికీ వైపు జరిగాను.

జ్యోతి